కట్ బటన్ కనబడుట లేదు

“కట్ బటన్ పోయింది సార్!”

తలుపు తోసుకుని వచ్చిన మస్తాన్‌బీ చేతిలో సూది ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“పోవడమంటే?”

“పోవడమంటే పోవడమే సార్. నిన్న సాయంత్రం దాకా స్క్రీన్ కుడి అంచున కాస్త తోకైనా కనబడింది. పొద్దున వచ్చి చూస్తే అదీ లేదు.”

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. మర్నాడు ఉదయం గన్నేరుపాడులో ప్రభుత్వాసుపత్రి కొత్త భవనాన్ని మంత్రిగారు ప్రారంభించబోతున్నారు. ఏ గది ఏమిటో చెప్పే బోర్డులన్నీ మేమే చేసివ్వాలి. డిజైన్లన్నీ కంప్యూటర్లో సిద్ధంగా ఉన్నాయి. కట్ బటన్ నొక్కితే ప్లాటర్ యంత్రం స్టిక్కర్ షీటు మీద అక్షరాలు కోస్తుంది. అక్కర్లేని ముక్కల్ని మస్తాన్‌బీ సూదితో లాగేస్తుంది. మిగిలిన అక్షరాల్ని బోర్డుకు అంటిస్తారు. ఆ బటన్ నొక్కిన తరవాత జరిగేది పని. దానికి ముందు జరిగేదంతా మా సంస్థ.

“దాన్ని ఆఖరిసారి చూసిందెవరు?” అని అడిగాను.

“నేనే.”

“అప్పుడు నీతో ఇంకెవరైనా ఉన్నారా?”

“ఏసురత్నం ఉన్నాడు. అతనికి మెడ పట్టేసింది, సరిగా చూడలా.”

విచారణ అప్పుడే మొదలుపెట్టాలని నాకు అనిపించింది. నాకు అనిపించినవన్నీ వెంటనే చేసేయడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్లే ఈ కథ నడిచింది.

మాది రాష్ట్ర సూచికా ఫలకాల సంస్థ. జనం బోర్డుల కార్పొరేషన్ అంటారు. నేను అందులో వినియోగదారుల అభిప్రాయ సేకరణాధికారిని. ఆఫీసులో అందరూ అభిప్రాయం సార్ అని పిలుస్తారు. నా అసలు పేరు చాలామందికి తెలియదు. తెలిసే మార్గం కూడా లేదు. బోర్డులు చేసే సంస్థ కాబట్టి బోర్డుల విషయంలో మా దగ్గర పట్టింపులెక్కువ. డిప్యూటీ మేనేజరు, ఆపై వాళ్లకే తలుపు మీద పేరు ఉంటుంది, అదీ స్టీలు అక్షరాల్లో. కిందివాళ్లకు హోదా మాత్రమే, అదీ స్టిక్కర్లో. మా ఆవిడ ఒకసారి ఆఫీసుకు వచ్చి నా గది దొరక్క తిరిగి ఇంటికెళ్లిపోయింది. “మీ పేరెక్కడా లేదు, ఉద్యోగం చేస్తున్నారా లేదా?” అని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది. అప్పట్నుంచి నాకు జీవితంలో ఒకటే కోరిక. తలుపు మీద నా పేరు పడాలి. స్టీల్లో.

ఆ కోరిక తీరే దారి అభిప్రాయాల్లో ఉందని గ్రహించాను. మా మేనేజింగ్ డైరెక్టరు అనంత పద్మనాభం గారు ఎక్కడో ఒక సదస్సుకు వెళ్లొచ్చి, “ఇకనుంచి మన సంస్థలో వినియోగదారుడి అభిప్రాయమే ఆజ్ఞ” అని ప్రకటించారు. ఆయన అలా అన్న మరుక్షణమే నేను లేచి చప్పట్లు కొట్టాను. రెండోవాడు లేచేసరికి నన్ను అభిప్రాయ సేకరణాధికారిగా నియమించేశారు.

మేం బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ పేరు ఫలకశిల్పి. హైదరాబాదు కంపెనీవాళ్లు తయారుచేశారు. దానికి నేనొక కొత్త పద్ధతి పెట్టించాను. సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక పెట్టె వస్తుంది. “తెర అమరిక గురించి మీ అభిప్రాయం తెలపనిదే ముందుకు సాగలేరు” అని ఉంటుంది. రాస్తేనే లోపలికి. టీ తాగడానికి వెళ్లొస్తే మళ్లీ పెట్టె, మళ్లీ అభిప్రాయం. సాయంత్రం ఆఫీసు మూసే వేళకు సాఫ్ట్‌వేరే మెజారిటీ లెక్కగట్టి, దాని ప్రకారం తనను తాను మార్చుకుంటుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు. ఎం.డి. గారు దీనికి ‘స్వయంచాలక ప్రజాస్వామ్యం’ అని పేరు పెట్టారు.

కీబోర్డుతో కట్ చేసే సౌకర్యం ఒకటి ఉండేది. దాన్ని తీయించేశాను. కీబోర్డు నొక్కి వెళ్లిపోతే బటన్ గురించి అభిప్రాయం ఎలా ఏర్పడుతుంది?

ఖాళీ పెట్టె చూసి జనం బెదిరిపోకుండా అందులో లేత అక్షరాల్లో ఒక ఉదాహరణ కూడా ఉండేది. “ఉదా: కట్ బటన్ కాస్త కుడివైపుకు జరిపితే బాగుంటుంది.” దాని మీద నొక్కితే అదే మాట పెట్టెలో పడిపోతుంది. సౌకర్యం కోసం.

పద్ధతి మొదలైన దగ్గర్నుంచి అభిప్రాయాలు వెల్లువెత్తాయి. అందరూ ఒకే మాట మీద ఉన్నారు. మా సంస్థలో ఇంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు. కట్ బటన్ రోజూ సాయంత్రం కాస్త కుడికి జరిగేది. డిజైన్ విభాగంలో అందరి మెడలూ క్రమంగా కుడికి తిరిగాయి. ఒకరోజు ఎం.డి. గారు తనిఖీకి వచ్చి, అందరూ ఒకేవైపు చూస్తుండటం గమనించి, “ఏమిటీ క్రమశిక్షణ!” అని మెచ్చుకున్నారు. “అభిప్రాయ సేకరణ ఫలితం సార్” అన్నాను. ఆ మాట అక్షరాలా నిజమని అప్పుడు నాకు తెలియదు.

*

కంపెనీకి ఫోన్ చేశాను. నవ్యశ్రీ అనే అమ్మాయి ఎత్తింది. ఈమధ్యే చేరిందట.

“బటన్ పోలేదు సార్, ఉంది” అంది నిబ్బరంగా. “జర పక్కకు జరిగింది, అంతే. స్క్రీన్ అయిపోయింది కానీ బటన్ ఆగలేదు.”

“వెనక్కి తీసుకురా.”

“మేం తేలేం సార్. మీ ఆర్డర్‌లనే ఉంది కదా, వినియోగదారుల మెజారిటీ లేకుండా మేం ముట్టుకోవద్దని. మీరే ఏసిన్రు ఆ షరతు.”

“అయితే మేమే ఎడమవైపుకు జరపమని అభిప్రాయం రాస్తే?”

“రాయండి సార్. ట్రై చేయండి.”

ఏసురత్నం మా డిజైనర్లలో పాతవాడు. అతన్ని కూర్చోబెట్టి, “బటన్ను ఎడమవైపుకు జరపవలెను” అని టైపు చేయించాను. సాఫ్ట్‌వేర్ ఒక్క క్షణం ఆలోచించి జవాబిచ్చింది. “మీ అభిప్రాయం విలువైనది. కానీ మైనారిటీది. గౌరవించి పక్కన పెట్టడమైనది.”

“పక్కనంటే ఏ పక్కన సార్?” అన్నాడు ఏసురత్నం మెడ పట్టుకుని. “కుడిపక్కనేగా?”

మళ్లీ ఫోన్ చేశాను. ఇంతకంటే వెడల్పు స్క్రీన్ పెడితే బటన్ కనబడొచ్చని నవ్యశ్రీ చెప్పింది. కాంటీన్లో క్రికెట్ చూడటానికి పెట్టిన పెద్ద టీవీ ఉంది. దాన్ని నలుగురు మోసుకొచ్చి కంప్యూటర్‌కు తగిలించారు. తెర వెలిగింది. కుడి అంచున, దూరంగా, చీకట్లో రైలు దీపంలాగా కట్ బటన్!

అందరూ కేకలు వేశారు. మస్తాన్‌బీ సూది కొంగుకు గుచ్చుకుని ప్లాటర్ దగ్గరికి పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే ఎం.డి. గారు లోపలికొచ్చారు.

“ఆగండి! అభిప్రాయాలు నమోదయ్యాయా?”

“సార్, ఒక్క నొక్కు నొక్కేసి...” అంది మస్తాన్‌బీ.

“అమ్మా, తెర మారింది. మారిన తెర గురించి మళ్లీ అభిప్రాయం తీసుకోవడం మన కనీస ధర్మం. చూసేవాళ్లు కూడా వినియోగదారులే. ఈ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ముందు అభిప్రాయం తెలపండి. అత్యవసర పరిస్థితి కనుక సాయంత్రం దాకా ఆగనక్కర్లేదు. తక్షణ అమలు!”

నేను ఉత్సాహంగా ఫలకశిల్పిలో ఉన్న ‘తక్షణ అమలు’ మీట నొక్కాను. అందరూ వరసగా వచ్చి, అలవాటైన చోట, అలవాటైన వేలితో నొక్కారు. నొక్కిన ప్రతిసారీ బటన్ ఒక అడుగు కుడికి వేసింది. ఏసురత్నం వంతు వచ్చేసరికి అంచు దాకా వెళ్లింది. ఆఖరున ఎం.డి. గారే స్వయంగా నొక్కి, “నా అభిప్రాయం కూడా నమోదైంది” అని తృప్తిగా తల ఎత్తారు.

టీవీ మీద ఇక బటన్ లేదు.

“ఇంతకంటే పెద్ద టీవీ సినిమా హాల్లోనే ఉంటది సార్” అంది మస్తాన్‌బీ. “అడగమంటారా?”

*

ఎం.డి. గారు నన్ను తన గదికి పిలిపించారు. తలుపు మీద ‘అనంత పద్మనాభం’ స్టీల్లో తళతళలాడుతోంది. నేను లోపలికి వెళ్తూ అలవాటుగా రుమాలుతో ఒక అక్షరం తుడిచాను.

“బటన్ పోయిందన్న పదజాలాన్ని నేను అంగీకరించను” అన్నారాయన. “‘బటన్ ప్రస్తుతం దృశ్యపరిధికి వెలుపలి నుండి సేవలందిస్తున్నది’ అని నమోదు చేయండి.”

“చేస్తాను సార్.”

“రెండో విషయం. ఇది కుట్ర. ఎవరో మొట్టమొదట కుడివైపుకు జరపమన్నారు. మిగతావాళ్లు అమాయకంగా సమర్థించారు. నాతో సహా. ఆ మొదటి మనిషి పేరు నాకు కావాలి. రేపు మంత్రిగారి సభలో బహిరంగంగా ప్రకటించి, అక్కడికక్కడే ఉద్యోగం నుంచి తొలగిద్దాం. పారదర్శకత!” ఆయన నా వైపు వంగారు. “డిప్యూటీ మేనేజరు పోస్టు ఖాళీగా ఉందని మీకు తెలుసు. మీరు నాకు ఒక పేరు ఇవ్వండి. నేను మీ పేరు తలుపు మీద పెట్టిస్తాను.”

“స్టీల్లోనా సార్?”

“స్టీల్లోనే.”

బయటికొచ్చి, తలుపు మీది మిగతా అక్షరాలు కూడా తుడిచాను.

విచారణ మొదలుపెట్టాను. ముందు ఏసురత్నం.

“బటన్ కుడివైపుకు జరపమని నువ్వు అడిగావా?”

“అడిగాను సార్. రోజూ అడిగాను. టీకి వెళ్లొచ్చినప్పుడల్లా అడిగాను.”

“ఎందుకు?”

“అడక్కపోతే లోపలికి రానీయదుగా.”

“నీకు నిజంగా కుడివైపు ఉంటే బాగుంటుందనిపించిందా?”

“నా మెడ చూడండి సార్. బాగుందా?”

తరవాత వాచ్‌మన్, అకౌంట్స్ వాళ్లు, కాంటీన్ వాళ్లు. కంప్యూటర్‌ను తాకిన ప్రతివాడూ కుడివైపే అడిగాడు. ఇంతమంది నేరం ఒప్పుకున్న కేసు ఎక్కడా ఉండదు. కానీ నాకు కావలసింది ఒక్కరే, మొదటివాళ్లు. కొత్త పద్ధతి పెట్టిన రోజు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కంప్యూటర్ తెరిచింది ఎవరు?

మస్తాన్‌బీ.

“తెరిచింది నేనే” అంది ఆవిడ, ఏమాత్రం తడబడకుండా. ‘బాత్‌రూం’ పక్కన అంటించే బాణం గుర్తు పాతదేదో దొరికితే, అటూ ఇటూ తిప్పి చూస్తోంది. “నొక్కింది కూడా నేనే. కానీ ఆ మాట నేను రాయలా. అది అప్పటికే అక్కడుంది.”

“నేరస్థులందరూ అదే అంటారు. కత్తి అప్పటికే అక్కడుందని.”

“అయితే కత్తి అక్కడ పెట్టినోడ్ని పట్టుకోండి సార్.”

ఈ మాట విని నేను చిన్నగా నవ్వాను. తర్కం తెలియని మనిషి.

“మస్తాన్‌బీ, ఇది చాలా పెద్ద విషయం. నా తలుపు... అంటే, సంస్థ ప్రతిష్ట దీనిమీద ఆధారపడి ఉంది.”

“మీకు తలుపుంది, దానిమీద పేరు కావాలి. నాకు తలుపే లేదు సార్. కాంట్రాక్టు ఉద్యోగం ఒక్కటుంది. దాన్ని కూడా మీ తలుపుకే అంటిస్తారా?”

నవ్యశ్రీకి ఫోన్ చేసి, కుడివైపు మాట ఫలకశిల్పిలోకి మొట్టమొదట ఎవరి పేరు మీద ఎక్కిందో వెతికి చెప్పమన్నాను. పాత రికార్డులు తవ్వాలి, రేపటికి గానీ దొరకదని చెప్పింది. దొరికేది మస్తాన్‌బీ పేరేనని నాకు ఢోకా లేదు. కానీ సభలో సాంకేతిక ఆధారంతో ప్రకటిస్తే స్టీలు అక్షరాలు కాస్త పెద్ద సైజులో వస్తాయేమోనని ఆశ.

*

ఇక బోర్డుల సంగతి. మస్తాన్‌బీ మరిదికి పెయింటింగ్ వచ్చునట, డబ్బా బ్రష్షూ ఇస్తే పొద్దుపోయేలోపు అన్నీ రాసి పడేస్తాడట. ఎం.డి. గారు కొట్టిపారేశారు. “చేతితో రాసిన బోర్డుకు తెర అమరిక ఎక్కడుంటుంది? దానిమీద అభిప్రాయం ఎలా సేకరిస్తాం? మళ్లీ చీకటి యుగంలోకా?”

“మరి రేపు రోగులకు దారెవరు చెబుతారు సార్?” అన్నాడు ఏసురత్నం.

అప్పుడు నాకొకటి అనిపించింది. చెప్పానుగా, అనిపిస్తే ఆగదని.

“మనమే చెబుదాం సార్. బోర్డులు లేకపోతేనేం, బోర్డుల కార్పొరేషన్ ఉందిగా. ఒక్కొక్కళ్లం ఒక్కో బోర్డుగా నిలబడదాం.”

ఎం.డి. గారు కుర్చీలోంచి లేచారు. “సజీవ సూచికలు!” అన్నారు గద్గదంగా. “దేశంలో మొదటిసారి!”

వెంటనే విధులు కేటాయించారు. మస్తాన్‌బీ ఎక్స్‌రే. ఏసురత్నాన్ని ఎక్కడ నిలబెట్టినా కుడివైపే చూపిస్తాడు కాబట్టి, వసారాకు కుడివైపున్న కాన్పుల వార్డు అతనికిచ్చారు. అకౌంట్స్ వాళ్లు మందులిచ్చే చోటు. ఆఖరున ఎం.డి. గారు నా భుజం తట్టారు.

“అందరూ అన్నిటికంటే ముందు వెతికే బోర్డు ఒకటుంటుంది. దాన్ని బాధ్యతగల అధికారికే అప్పగించాలి. మీరు మూత్రశాల.”

*

మర్నాడు ఉదయం గన్నేరుపాడు ఆసుపత్రి వసారాలో నేను కుడిచెయ్యి చాచి మూత్రశాలగా నిలబడ్డాను. సంస్థ నియమావళిలో బోర్డు మాట్లాడటం గురించి ఏమీ లేదు. కానీ బోర్డు గురించి అభిప్రాయం తీసుకోవడం గురించి స్పష్టంగా ఉంది. వినియోగదారుడు అభిప్రాయం తెలపనిదే దారి చూపరాదు. అభిప్రాయాన్ని తక్షణం అమలు చేయాలి.

మొదటి వినియోగదారు ఒక ముసలమ్మ. చేతికర్ర టకటకలాడించుకుంటూ తొందరగా వచ్చింది.

“నాయనా, దొడ్డి ఎటు?”

“ముందు ఈ బోర్డు అమరిక గురించి మీ అభిప్రాయం చెప్పండమ్మా.”

“ఏ బోర్డు?”

“నేనే.”

ముసలమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది. “నీకేం రోగం నాయనా? ఏ వార్డు?”

“అభిప్రాయం చెబితేనే దారి చూపిస్తానమ్మా. ఉదాహరణకు, కాస్త కుడివైపుకు జరిపితే బాగుంటుంది, అనొచ్చు.”

“జరుగు మరి! దారికడ్డంగా తాటి మొద్దులాగా నిలబడి మళ్లీ అభిప్రాయమంట! జరుగు!”

జరిగాను. నియమం ప్రకారం. ఆమె వెనక ఒక రైతు, ఆయన వెనక పసిపిల్లనెత్తుకున్న తల్లి, ఆమె వెనక తొందరలో ఉన్నవాళ్లందరూ. అందరిదీ ఒకే అభిప్రాయం, జరగమని. ఒక్కొక్కరు అన్నప్పుడల్లా ఒక్కో అడుగు కుడికి. కానీ చెయ్యి మాత్రం దించలేదు. నేను చూపిస్తున్న చోట ఇప్పుడు మూత్రశాల లేదు, మందులిచ్చే చోటు ఉందని నాకు తెలుసు. కానీ బోర్డు తనంతట తాను దిద్దుకోకూడదు. అది మెజారిటీని అవమానించడం.

పక్కకు చూస్తే ఎక్స్‌రే కూడా జరిగి వస్తోంది.

“నన్నూ జరగమంటున్నారు సార్” అంది మస్తాన్‌బీ. “కాలు విరిగినాయన కూడా జరగమన్నాడు. నిలబడలేకపోతున్నాడు పాపం, చెయ్యి చాపి మరీ తోశాడు.”

కాన్పుల వార్డు మాకంటే ముందే వెళ్లిపోయింది. ఏసురత్నం వెనక నిండుచూలాలు ఒకామె, ఆమె అత్తగారు, ఆడపడుచు, సామాను బుట్ట, వరసగా నడుస్తున్నారు.

“ఏమయ్యా, ఇంకెంత దూరం?” అని అత్తగారు అరిచింది.

“మీరు అభిప్రాయం చెప్పడం ఆపితే నేను నడవడం ఆపుతానమ్మా!” అన్నాడు ఏసురత్నం.

వసారా కుడిచివర పోర్టికో ఉంది. అందులో మంత్రిగారి సభావేదిక. కాసేపట్లో మా సంస్థ మొత్తం అక్కడికి చేరుకుంది. ఎక్స్‌రే, కాన్పులు, మందులు, మూత్రశాల, అన్నీ చేతులు చాచి వేదికనే చూపిస్తున్నాయి. మా వెనక ఊరి రోగులందరూ.

మంత్రిగారు ఆ జనాన్ని చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఎన్నికల్లో కూడా ఇంతమంది రాలేదయ్యా” అన్నారు. చాచిన చేతులను చూసి, అభివాదమనుకుని ఆయన కూడా చెయ్యి చాచారు. ఆసుపత్రి నర్సు ఒకామె పరిగెత్తుకొచ్చి నిండుచూలాలిని చెయ్యి పట్టుకుని అసలు వార్డుకు తీసుకెళ్లింది. ఆమెను బోర్డుగా ఎవరూ నియమించలేదు కాబట్టి దారి నేరుగా తెలిసినట్టుంది. ముసలమ్మ మాత్రం కర్ర పొడుచుకుంటూ వేదిక మెట్లెక్కి, మంత్రిగారి సోఫా వెనక తొంగిచూసి, “ఇక్కడా లేదే!” అంది.

ఎం.డి. గారు మైకు అందుకున్నారు.

“ప్రజలు ఇంత పెద్ద ఎత్తున తరలిరావడం మన సజీవ సూచికల విజయం! కానీ సోదరులారా, ఈ రోజు ఈ గోడల మీద బోర్డులుండవలసింది. లేవు. దానికి కారణం ఒక వ్యక్తి. ఒకే ఒక్క వ్యక్తి! మా సాఫ్ట్‌వేర్లో మొట్టమొదట కుడివైపు అనే విషబీజం నాటిన ఆ వ్యక్తి ఎవరో మీ అందరి సమక్షంలో ఇప్పుడు ప్రకటిస్తాం. ఆ వ్యక్తి ఈ క్షణం నుంచి మా ఉద్యోగి కాదు! దయచేసి మూత్రశాల వేదిక మీదికి రావాలి.”

నేను వేదికెక్కాను. ఎదురుగా మస్తాన్‌బీ. చాచిన చెయ్యి ఇంకా దించలేదు. ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది. కళ్లలో నీళ్లున్నాయేమో నేను చూడలేదు. చూస్తే పేరు చెప్పలేనేమోనని భయం. కళ్లు మూసుకుని, నా తలుపును తలచుకున్నాను. స్టీలు అక్షరాలు. మా ఆవిడ ఈసారి గది వెతుక్కోకుండా నేరుగా వచ్చేస్తుంది.

మైకు ముందు నోరు తెరిచాను. జేబులో ఫోన్ మోగింది.

నవ్యశ్రీ. దేవుడు పంపినట్టు వచ్చింది సాంకేతిక ఆధారం! ఫోన్ స్పీకర్లో పెట్టి మైకుకు దగ్గరగా పట్టుకున్నాను.

“దొరికిందా అమ్మా?”

“దొరికింది సార్” అని ఆమె గొంతు పోర్టికో అంతా, రోడ్డు అవతలి టీ బడ్డీ దాకా మారుమోగింది. “ఆ మాట ఎవరో వాడుకునేవాళ్లు రాసింది కాదు సార్. పద్ధతి మొదలుపెట్టే ముందురోజే ఎక్కింది. పెట్టెలో ఉదాహరణ అని ఉంటది చూడండి, అదే మొదటిది. మిగతావాళ్లందరూ దాన్నే నొక్కిన్రు. ఉదాహరణ రాసి పంపిన ఆఫీసరు పేరు కూడా ఉంది.”

నా మెదడు మామూలుగా చాలా చురుకైనది. ఆ రోజు మాత్రం కుడివైపు ఎక్కడో, దృశ్యపరిధికి వెలుపలి నుంచి సేవలందిస్తోంది. ఆఫీసరంట! అంటే కుట్ర పైస్థాయిలోనే జరిగింది. అంటే అక్షరాలు ఇంకా పెద్ద సైజులో వస్తాయి.

మస్తాన్‌బీ చప్పున తల తిప్పి నా వైపు చూసింది. మెల్లగా చెయ్యి దించింది.

“సార్, వద్దు, ఫోన్ కట్ చేసేయండి” అంది, నిన్న నేను చూపించని జాలితో.

“సాక్ష్యాన్ని మధ్యలో ఆపకూడదు” అన్నాను గంభీరంగా. ఫోన్ను మైకుకు ఇంకాస్త ఆనించాను. “చదవమ్మా నవ్యశ్రీ. భయపడకు. పూర్తి పేరు, ఇంటిపేరుతో, హోదాతో సహా. వెనకాల రోడ్డు మీద వాళ్లకు కూడా వినపడాలి. గట్టిగా!”

ఆ అమ్మాయి గొంతు సవరించుకుంది. జనం ఊపిరి బిగబట్టారు. ముసలమ్మ కూడా వెతకడం ఆపింది.

“చిట్టిమళ్ల గోవర్ధనరావు, వినియోగదారుల అభిప్రాయ సేకరణాధికారి!”